బిరుదగద్యల చాటున

మన కళాశాలల్లో తెలుగు సాహిత్యం చదువుకునే విద్యార్థికి మొదట ఎదురయ్యేది కవి కాదు, రాజు. ప్రబంధం తెరిస్తే ఇష్టదేవతాస్తుతి, సుకవిస్తుతి, కుకవినింద అయిన వెంటనే కృతిపతి వంశవర్ణన వస్తుంది. చంద్రుడి దగ్గర మొదలై కృతిపతి తాతగారి దగ్గరకు దిగివచ్చే ఆ మెట్లన్నీ విద్యార్థి కంఠస్థం చేస్తాడు. ఉపాధ్యాయుడు సంధులు విడదీస్తాడు, గణవిభజన చేయిస్తాడు, అలంకారం పేరు చెబుతాడు. ఆ వంశవర్ణన నిజమా, నిజం కాకపోతే అంత శ్రద్ధగా ఎందుకు అల్లారు, అల్లినందుకు కవికి ఏం ముట్టింది, ఆ ముట్టినది ఎవరి చేలో పండింది - ఇవన్నీ సాహిత్యానికి బయటి ప్రశ్నలని మన పండితుల అభిప్రాయం. అవతారికకు సంబంధించినంతవరకు ఇవే అసలైన సాహిత్య ప్రశ్నలని నా వాదం.

ఈ వాదం ఇప్పుడెందుకంటే, రాజులు మళ్ళీ వస్తున్నారు కనుక. 2010లో కృష్ణదేవరాయల పట్టాభిషేక పంచశతి ఉత్సవాలు ప్రభుత్వమే జరిపించింది. రాయలు మావాడంటే మావాడని కులసంఘాలు పడే తగవు అందరూ ఎరిగినదే. మా చంద్రగిరి కోటకు వచ్చినవారికి ఇక్కడివారు చెప్పుకునే గొప్ప ఏమిటి? చెన్నపట్నం ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చిన పత్రం మీద మా రాజమహలులోనే సంతకం పడిందట! 1639లో ఫ్రాన్సిస్ డేకి ఆ తీరం ఇచ్చినవాడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన పైనున్న చంద్రగిరి రాజ్యం అప్పటికే కూలడానికి సిద్ధంగా వున్నది. 1645లో శ్రీరంగరాయలు ఆ దానాన్ని ధ్రువపరిచాడు. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు ఒక మహానగరానికి మిగిలింది, కుంఫిణీకి కోట మిగిలింది. పరాయి వర్తకుడికి తలుపు తీసిన గది మన గదేనని గర్వపడటం నేర్పిన చదువు ఎటువంటి చదువో విద్యార్థి మిత్రులు ఆలోచించాలి.

ముందు ఈ వంశాల సంగతి చూద్దాం. విజయనగరాన్ని ఏలిన నాలుగు వంశాలూ చంద్రవంశాలే. సంగములు యదువు సంతతి. చంద్రగిరిలో సామంతుడుగా వుండి, 1485లో ఏలిక సింహాసనాన్నే ఆక్రమించిన సాళువ నరసింహుడి వంశమూ చంద్రుడి దాకా పోతుంది. అతడి సేనాని నరసానాయకుడి కుటుంబం ఇరవై ఏళ్ళు తిరిగేసరికి సాళువలను తోసివేసి తానే రాజ్యానికి వచ్చింది. ఆ తుళువ వంశానికి శాసనకవులు యయాతి కొడుకు తుర్వసుణ్ణి మూలపురుషుడుగా కుదిర్చారు. తుళువ అనే మాటకూ తుర్వసు అనే మాటకూ వున్న ధ్వనిసామ్యం తప్ప మరొక ఆధారం కనబడదు. భారతంలో తుర్వసుడు తండ్రి శాపం తిన్నవాడు. ఆ సంగతి శాసనకవికి తెలియకపోదు. కాని మంచి కొడుకులు అప్పటికే ఖర్చయిపోయారు! పురాణంలో యయాతి తన ముసలితనాన్ని కొడుకులకు పంచబోయాడు. మన దేశంలో కొత్తగా గద్దె యెక్కినవాళ్ళు యయాతి కొడుకులనే పంచుకున్నారు.

ఆఖరున వచ్చిన ఆరవీటివారు మరికొంత దూరం పోయారు. 1565 యుద్ధం తరువాత పెనుగొండకూ, అక్కడినుంచి వేంకటపతిరాయల కాలంలో చంద్రగిరికీ వచ్చి కొలువుదీరిన వంశం ఇదే. వీరి తామ్రశాసనాలలో పూరుడి మీదుగా అర్జునుడు, అభిమన్యుడు, పరీక్షిత్తు వస్తారు. ఆ తరువాత నందుడు, చళిక్యుడు, రాజనరేంద్రుడు, బిజ్జలుడు. నందులను శూద్రులని పురాణాలే అంటున్నాయి. ఈ బిజ్జలుడు కల్యాణాన్ని ఏలిన బిజ్జలుడే అయితే, చాళుక్యుల గద్దె లాక్కున్న కలచురి. గద్దె పోగొట్టుకున్నవాడూ, లాక్కున్నవాడూ ఒకే ఇంటి తాతలైనారు. దీన్ని కవుల అజ్ఞానమని తీసివేయటానికి వీలులేదు. దక్షిణాపథంలో భూమిశిస్తు వసూలు చేసే హక్కుకు పూర్వం ఏయే పేర్లు చెల్లినాయో ఆ పేర్లన్నిటినీ పోగుచేసి, ఆ హక్కు ఇప్పుడు మాకు సంక్రమించిందని చెప్పే దస్తావేజు ఇది. వంశవృక్షమనే పేరు పెట్టుకున్న హక్కుపత్రం. హక్కుపత్రాన్ని చదివినట్టే దీన్ని చదవాలి.

ఇంతకు పూర్వపు శాసనాలు మరొక కథ చెబుతున్నాయి. 1368 నాటి అక్కలపూడి శాసనంలో సింగమనాయకుడు తాను నాలుగవ వర్ణంవాడినని దాచుకోలేదు. విష్ణుపాదాల నుంచి పుట్టిన తమ కులం, అవే పాదాల నుంచి పుట్టిన గంగకు తోబుట్టువనీ, అందుచేత మిగిలిన మూడింటికంటె పవిత్రమనీ చెప్పించుకున్నాడు. రెడ్డిరాజుల శాసనాలదీ ఇదే ధోరణి. కాకతీయుల కాలపు శాసనాలను జల్లెడపట్టిన సింథియా టాల్బట్ చూపించినది ఇంకా ముఖ్యం: నాయకుడు, రెడ్డి, బోయ, సెట్టి అనేవి ఆనాడు పుట్టుకతో ముద్రపడిన కులనామాలు కావు, మనిషి చేపట్టిన పనిని బట్టీ పెరిగిన హోదాను బట్టీ వచ్చే పేర్లు. తండ్రికి ఒక పేరూ కొడుక్కి మరొకటీ వుండవచ్చు. ఇవాళ ఆ పేర్లు పట్టుకుని మోటారు సైకిళ్ళ మీద రాసుకుని తిరిగే మన కుర్రవాళ్ళకు ఈ సంగతి ఎవరు చెప్పాలి? తెలుగు పాఠం చెప్పే మనమే చెప్పాలి. చెప్పటం లేదు.

పని పేరు బిరుదై, బిరుదు రక్తమై పోవటం మన దేశపు విశేషం కాదు. మధ్యయుగపు జర్మన్ భూముల చరిత్ర చూస్తే ఈ వ్యవహారం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ గ్రాఫ్ అంటే మొదట చక్రవర్తి ఒక ప్రాంతం మీద నియమించిన ఉద్యోగి. కొన్ని తరాలకు ఆ ఉద్యోగం కొడుక్కి పోయే ఆస్తి అయింది. మార్షల్ అనే మాటకు పాత జర్మన్‌లో అర్థం గుర్రాల సేవకుడు. షెంక్ అంటే పాత్రలో పానీయం పోసేవాడు. ట్రుఖ్‌సెస్ అంటే భోజనాల దగ్గర వడ్డన చూసేవాడు. 1356లో నాలుగవ చార్లెస్ చక్రవర్తి ఇచ్చిన 'బంగారు ముద్ర' శాసనం చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురు ప్రభువులను స్థిరపరిచింది. ఆ ఏడుగురిలో మతాధికారులు కాని నలుగురికీ ఇవే ఇంటిచాకిరీ పేర్లు మహాగౌరవాలైనాయి: బొహీమియా రాజు పానీయం పోయాలి, సాక్సనీ ప్రభువు గుర్రాలు చూడాలి.

ఇంతకంటె విచిత్రం, పదకొండవ శతాబ్దం నుంచి అక్కడ పెరిగిన మినిస్టీరియాలిస్ అనే వర్గం. వీళ్ళు కత్తి పట్టేవాళ్ళు, కోటలు కాసేవాళ్ళు, ప్రభువు ఆస్తి పెత్తనం చేసేవాళ్ళు. కాని చట్టం దృష్టిలో స్వతంత్రులు కారు. ప్రభువు అనుమతి లేకుండా పెళ్ళి చేసుకోవటానికి కూడా వీలులేనివాళ్ళు. మూడు శతాబ్దాలు గడిచేసరికి ఈ అస్వతంత్రుల సంతతే చిన్న ప్రభువుల వర్గంలో కలిసిపోయింది. వాల్డ్‌బుర్గ్ కుటుంబం ఇటువంటిదే. స్టౌఫెన్ చక్రవర్తుల దగ్గర వడ్డన పెత్తనం చేసి, ఆ ట్రుఖ్‌సెస్ ఉద్యోగాన్నే ఇంటిపేరు చేసుకున్నారు. 1525లో జర్మన్ రైతులు తిరగబడి, మెమ్మింగెన్‌లో పన్నెండు కోర్కెలు రాసి, మేము ఎవరి సొత్తూ కామని ప్రకటించినప్పుడు, వారిని ఊచకోత కోసిన స్వాబియన్ కూటమి సేనాపతి గేయోర్గ్ ట్రుఖ్‌సెస్ ఫోన్ వాల్డ్‌బుర్గ్. వెట్టివాడి మనుమడు వెట్టి వద్దన్నవాళ్ళను చంపాడు. 1850లో ఎంగెల్స్ జర్మన్ రైతుయుద్ధాన్ని గురించి రాసింది గతించినవారికి నివాళిగా కాదు, తనకాలపు ఓటమిని అర్థం చేసుకోవటానికి.

ఇప్పుడు మా చిత్తూరు సీమకు వద్దాం. పాళెమంటే దండు విడిది. పాళెగాడు ఆ దండుకు నాయకుడు. ఊళ్ళకు కావలి, దారులకు కావలి అతడి పని. కావలికి ప్రతిఫలంగా పంటలో భాగం, కావలి రుసుం. జర్మన్ భూముల్లో మఠాల ఆస్తులకు రక్షకుడుగా నియమితుడైన ఫోగ్ట్ అనే అధికారి ఆ రక్షణ పేరుతోనే మఠపు రైతులను పీల్చిపిప్పి చేసినట్టు, ఇక్కడ కావలివాడు క్రమంగా కావలి కాసే వస్తువుకు యజమాని అయ్యాడు. పాకాల, పులిచెర్ల, కల్లూరు, మొగరాల, నరగంటి, బంగారి - ఈ పేర్లు మనకు బస్సుల బోర్డుల మీదో, రెవిన్యూ కాగితాల మీదో కనిపిస్తాయి. ఒకనాడు ఇవన్నీ పాళేలు. మెకంజీ దొర ఉద్యోగులు సేకరించిన కైఫియత్తులలో పాళెగార్ల వంశకథలు చాలావరకు ఒకే అచ్చున వుంటాయి: మూలపురుషుడు ఏదో సాహసం చేస్తాడు, రాయలు మెచ్చి కావలి హక్కూ బిరుదూ ఇస్తాడు. ఆ కథల్లో పంట పండించేవాడు ఎక్కడా మాట్లాడడు.

ఇక్కడ మన అభ్యుదయ మిత్రులతోనే ఒక తగవు పెట్టుకోక తప్పదు. ఫ్యూడలిజం అనే మాట దొరికింది కదా అని అమరనాయకుణ్ణి బారన్ అనీ, పాళెగాణ్ణి నైట్ అనీ అనువదించి తృప్తిపడటం విమర్శ కాదు. రామశరణ్ శర్మ 1965లో భారతీయ ఫ్యూడలిజం మీద గ్రంథం రాశాడు. మన దేశంలో ఫ్యూడలిజం ఉన్నదా అని హర్బన్స్ ముఖియా ఎదురు ప్రశ్న వేశాడు. ఆ చర్చను మన తెలుగు శాఖల గుమ్మం దాటనివ్వలేదు. తేడా ఎక్కడుందంటే, 1535 ప్రాంతంలో విజయనగరాన్ని గురించి రాసిన పోర్చుగీసువాడు నూనిజ్ లెక్కలో రెండువందలకు పైగా నాయకులున్నారు. భూమి అంతా రాజుది; నాయకులు దాన్ని అతడి చేతినుంచి పొంది రైతులకు ఇస్తారు; రైతు పండించినదానిలో పదింట తొమ్మిది పాళ్ళు దొరకు పోతాయని అతడంటాడు. అంత పాలు నిజంగా వసూలయిందా అన్నది సందేహమే. కాని నాయకుడి అమరం రాజు ఇస్తే వచ్చేది, రాజు తలచుకుంటే పోయేది. దుర్గాలను బ్రాహ్మణుల చేతిలో పెట్టమని రాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిగా చెప్పాడంటే, బిరుదులిచ్చి పెంచిన నాయకులను ఎంత నమ్మాడో తెలుస్తూనే వుంది. జర్మనీలో పదిహేనో శతాబ్దం నాటికే గట్టిపడిన వంశపారంపర్య హక్కు మన సీమలో స్థిరపడింది రాయల చేతిమీదుగా కాదు, కుంఫిణీ చేతిమీదుగా.

1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన మన్రో ఎనభైమంది పాళెగాళ్ళను ఎదుర్కొని వాళ్ళ ఆయుధాలు ఊడబెరికాడు. 1801లో ఆర్కాటు సీమ కుంఫిణీ వశమైన తరువాత చిత్తూరు పడమటి పాళెగాళ్ళు తిరగబడ్డారు, అణగిపోయారు. అదే సమయంలో, 1802లో వెంకటగిరి, కాళహస్తి, కార్వేటినగరం సంస్థానాలకు శాశ్వత సన్నదులు వచ్చాయి. సైన్యం తెచ్చే బాధ్యతను పేష్కషు రూపాయలుగా మార్చారు. కత్తి పోయింది, కావలి పోయింది, రాజు కోసం చావవలసిన పూచీ పోయింది. రైతు పంటలో భాగం మాత్రం నిలిచింది, చట్టం చేత ఆస్తి అయింది. పని లేని బిరుదు పుట్టింది ఆ రోజునే. ఆ తరువాతనే కదా బిరుదులకు అంత మెరుగు అవసరమైంది! కార్వేటినగరం ఆస్థానంలో సారంగపాణి పదాలు మధురమైనవే, వాటిలోని జానపదుల నుడికారం మనకు పెన్నిధే. ఆ పదాలు చదివేటప్పుడు ఆ సంస్థానపు రైతు ఏం కట్టాడో కూడా చదవాలనటం రసభంగం కాదు.

రసం మాట వచ్చింది కనుక తిరుమల శాసనాల సంగతి చెప్పాలి. చాలావరకు అరవంలో వున్న ఈ శాసనాలను దేవస్థానం 1930లలో అచ్చువేయించింది. రాజులూ నాయకులూ ఊళ్ళనీ రొక్కాన్నీ స్వామికి సమర్పిస్తారు. ఆ రొక్కంతో దేవాలయపు ఊళ్ళలో చెరువులూ కాలువలూ తవ్వించి, పెరిగిన పంటతో నైవేద్యం నడపాలని కట్టడి. బర్టన్ స్టైన్ 1960లో దీన్నిగురించి రాసిన వ్యాసం మన విద్యార్థులు చదవదగినది. నైవేద్యమైన ప్రసాదంలో నాలుగవ వంతు దాతది. దానికి విట్టవన్ విళుక్కాడు అని పేరు. దాత పేరు వున్నది, బిరుదులున్నాయి, స్వామికి సమర్పించిన బియ్యం కొలత వున్నది, ప్రసాదం ఎవరెవరికి ఎంత పంచాలో వున్నది. కాలువ తవ్వినవాడి పేరు లేదు. మూరురాయరగండ, అరిరాయవిభాళ, హిందూరాయసురత్రాణ అని రాతిమీద చెక్కిన చెయ్యి కూడా ఎవరిదో సాధారణంగా తెలియదు. మట్టి తట్టల లెక్క రాసుకోని నాగరికత అన్నపు తట్టల లెక్క మాత్రం నాలుగో వంతు దాకా రాసుకున్నది.

కవులందరూ దీనికి లొంగారా అంటే లేదు. సాళువ నరసింహుడు తన మీద పదం చెప్పమన్నాడనీ, చెప్పనన్న అన్నమయ్యకు సంకెళ్ళు వేయించాడనీ మనుమడు చిన్నన్న రాసిన చరిత్ర. జరిగిందో లేదో, ఆ కుటుంబమే దాన్ని తలచుకోదగిన సంగతిగా భావించింది. (అదే కుటుంబంలో పెద తిరుమలాచార్యుడు ఊళ్ళను దేవుడికి ధారపోయగల స్థితికి వచ్చాడని శాసనాలు చెబుతున్నాయి, కవి వంశం కూడా వంశమే.) కాళహస్తి ధూర్జటి రాయల కొలువులోవాడని మన పుస్తకాలు గట్టిగా చెబుతాయి. కాని ఆయన మాహాత్మ్యం కృతి అందుకున్నది రాజు కాదు, శివుడు. శతకంలో రాజులను ఆయన ఎంతగా ఈసడించాడో తెలిసి కూడా, అది వైరాగ్యం అని ఒక్క మాటతో కొట్టివేస్తాం. కొలువు రుచి చూసినవాడు కొలువును గురించి ఇచ్చిన సాక్ష్యాన్ని వైరాగ్యమని పక్కకు తోయటం, వంశవర్ణనను చరిత్ర అని నెత్తిన పెట్టుకోవటం - ఇదీ మన సాహిత్య బోధన. చివరకు మనవాడైన ఆరుద్ర కూడా సమగ్రాంధ్ర సాహిత్యానికి రాజవంశాల పేర్లతోనే సంపుటాలు కట్టాడు. 1949లోనే సురవరం ప్రతాపరెడ్డి సాంఘిక చరిత్ర రాసి వేరే దారి చూపించాడు. ఆ పుస్తకాన్ని పొగుడుతాం, ఆ దారిన నడవం.

'పాళెగాళ్ళు తెల్లవాడిపై పోరాడలేదా, వాళ్ళనూ కించపరుస్తారా?' అని అడిగేవారున్నారు. 2019లో వచ్చిన సినిమా తరువాత ఈ ప్రశ్న తరగతిగదిలోకి కూడా వచ్చింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబమెక్కాడు. ఆ ధైర్యాన్ని ఎవరూ కాదనరు. కాని ఆయనకు కుంఫిణీ నెలకు ఇచ్చే తవర్జీ పదకొండు రూపాయల చిల్లర. నొస్సం వారి భరణం రద్దయిపోవటం ఆయన ఫిర్యాదు. ఆయన వెంట కొండలెక్కినవాళ్ళలో కట్టుబడి బంట్రోతులున్నారు; ఊరికావలికి తరతరాలుగా అనుభవిస్తున్న ఇనాం చెక్కలు సర్కారు లాక్కున్నది గనుక వాళ్ళు కదిలారు. ఆ కట్టుబడివాళ్ళే నిజమైన కావలివాళ్ళు, బిరుదు లేని కావలివాళ్ళు. సినిమాలో మనకు జ్ఞాపకమున్నది గుర్రం మీదివాడే.

బిరుదులు రద్దయిపోయాయి కదా, ఇంకా ఎందుకీ రభస అంటారేమో. జర్మనీలో 1919 రాజ్యాంగం 109వ అధికరణం బిరుదును ఇంటిపేరులో భాగంగా మిగిల్చింది; ఆస్ట్రియా ఆ ఏడే పూర్తిగా తీసివేసింది. జర్మన్ రాకుమారుల ఆస్తులు పరిహారం లేకుండా తీసుకోవాలా అని 1926 జూన్‌లో ప్రజలను అడిగితే సుమారు కోటీ నలభై ఐదు లక్షలమంది తీసుకోవాలన్నారు. కాని మొత్తం ఓటర్లలో సగం, అంటే దాదాపు రెండు కోట్లు కావాలన్న నిబంధన వుండటంచేత ఆస్తులు ఎక్కడివక్కడే వున్నాయి. ఎల్బ్ నదికి తూర్పున వంద హెక్టార్లు దాటిన యుంకర్ల భూములు రైతులకు పోయింది 1945లో, ఎర్రసేన వున్నచోట మాత్రమే.

మన దగ్గర 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీని తీసివేసింది. ఆ చట్టం వెనుక ప్రకాశం పంతులు 1938లో ఇచ్చిన విచారణ సంఘం నివేదిక వున్నది, వెంకటగిరి రైతుల పోరాటం వున్నది, నెల్లూరి 'జమీన్ రైతు' పత్రిక వున్నది. అయినా చట్టం వార్షికాదాయపు లెక్క మీద పన్నెండున్నర రెట్ల నుంచి ముప్పై రెట్ల దాకా పరిహారం కట్టించింది. సొంత సేద్యపు భూములకు జమీందారుకే రైత్వారీ పట్టా ఇచ్చింది. 1950లో రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులివ్వటాన్ని నిషేధించింది. రాజభరణాలు పోవటానికి 1971 దాకా ఆగవలసివచ్చింది. మాటను నిషేధించటానికి ఒక్క వాక్యం చాలింది. మాట వెనుక వున్న మడిచెక్కకు మాత్రం ముప్పైరెట్ల వెల కట్టవలసి వచ్చింది. కట్టినది ఎవరు? ఖజానా. ఖజానా నింపినది ఎవరు?

డిగ్రీ విద్యార్థికి ఏ ప్రబంధపు అవతారిక పాఠంగా పెట్టినా, దాని పక్కన ఆ సీమ కైఫియత్తు ఒకటీ, ఒక తిరుమల శాసనమూ పెట్టి చదివించటానికి పాఠ్యప్రణాళికా సంఘాల అనుమతి కావాలి. కాని తరగతిలో ఉపాధ్యాయుడు ఆ రెండూ చేత్తో పట్టుకుపోయి చదివి వినిపించటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ప్రశ్నపత్రంలో 'కృతిపతి వంశమును వర్ణింపుము' అని వస్తే, ఆ వంశం ఏ పన్ను మీద బతికిందో కూడా ఒక పేరా రాయమని విద్యార్థికి చెప్పవచ్చు. మార్కులు తగ్గించే పరీక్షకుడు వుంటాడు. ఆ తగవు పరీక్షకుడితో మనం పడదాం.